చివరి బేరింగు తరువాత

ఓడ లంగరు వేసి ఉంది. ఇంజను ఎప్పుడో చల్లారింది. కంట్రోల్ రూములో ఇంజనీరమ్మ ఒక్కతే కూర్చుని, చెడిపోబోయే భాగాన్ని ముందే పసిగట్టే సెన్సర్ల తెర చూస్తోంది.

మొదటి బేరింగు కాస్త వెచ్చబడి, చల్లబడింది. తరువాత రెండోది. ఆపైన మూడోది.

ఆమె తెర దగ్గరికి వంగింది. కాలం చేసిన నాన్న ఈ ఓడలోనే మెకానిక్కు. రోజూ ఇదే వరసలో ఒక్కో బేరింగు మీద అరచెయ్యి ఆనించి, "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని పలకరించేవాడు.

నాలుగోదాని దగ్గర వెచ్చదనం కదలకుండా నిలిచిపోయింది. హెల్మెట్ పెట్టుకుని, టార్చి పట్టుకెళ్లి చూస్తే, సన్నని పగులు.

"చూశాను నాన్నా. తెల్లారగానే మార్చేస్తాం."

ఆమె తిరిగొచ్చి కూర్చునేసరికి వెచ్చదనం చివరి బేరింగునూ దాటేసింది. ఆపైన సెన్సర్లు లేవు. చిన్నప్పుడు ఆమెను వెంట తెచ్చిన రోజుల్లో, చివరి బేరింగు తరువాత నాన్న చెయ్యి ఆనేది ఆమె తల మీదే.

వెనక తలుపు మెల్లగా కిర్రుమంది. ఆమె హెల్మెట్ తీసి, తల వంచింది.