వీడ్కోలు లింకు

“ఆ కోటు చంకలో చిరిగింది. చేతులెత్తకు,” అంది అక్క, తమ్ముడి కాలరు సవరిస్తూ.

“ఎత్తే పనేముంటుందక్కా? తెరలో మెడదాకే కనిపిస్తాను,” అన్నాడు చరిత్ర మాస్టారు.

ఆ రోజు ఆయన రిటైరవుతున్నాడు. ఆన్‌లైన్ విశ్వవిద్యాలయంలో చేరినప్పటి నుంచీ ఆయన లోకమంతా ఈ వెనక గదిలోకి కుంచించుకుపోయింది. తెర మీద పటాలూ తేదీలూ, వాటి వెనక ఆయన గొంతు. పిల్లలు ఆయన మొహం చూడలేదు, ఆయనా వాళ్ల మొహాలు చూడలేదు. “అర్థమైందా?” అని అడిగితే గోడనడిగినట్టే ఉండేది. ఒకప్పుడు ఆయన ఛలోక్తికి వెనక బెంచీలు కూడా గొల్లుమనేవి. ఛలోక్తులు మానేసి చాలాకాలమైంది. కొత్తవాళ్లెవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, మాస్టారినని చెప్పడానికి నోరు రాక, “కంప్యూటర్ పని” అనేవాడు.

ఆఫీసు గుమాస్తా మధ్యాహ్నం పంపిన వీడ్కోలు సభ లింకు నొక్కుతూ మాస్టారు, “ఎవరూ రారులే. టీ చల్లారేలోపు అయిపోతుంది,” అన్నాడు.

తెర నిండా మొహాలు.

“సార్ వచ్చేశారు,” అంది ఒకమ్మాయి. “ఇన్నాళ్లకి చూశాం సార్ మిమ్మల్ని. గొంతుని బట్టి ఇంకాస్త లావుగా ఉంటారనుకున్నా.”

అందరూ నవ్వారు. “అందరికీ నమస్కారం,” అన్నాడాయన.

“జలుబా సార్? గొంతు మారింది.”

“కొంచెం.”

ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. “మా నాన్న పోయినప్పుడు చదువు మానేస్తానన్నాను సార్. పాఠమయ్యాక నన్నాపి గంటసేపు మాట్లాడారు. ఇవాళ నేనూ పాఠాలు చెబుతున్నాను,” అన్నాడొకడు. ఆయనకు గుర్తు రాలేదు. ఎన్ని గొంతులు, ఎవరిదని గుర్తుంటుంది?

“క్లాసు ముందు మీరు తీసే కూనిరాగం కోసమే తొందరగా వచ్చేదాన్ని,” అంది ఇంకో అమ్మాయి.

గుమ్మంలోంచి అక్క గుసగుసగా అడిగింది. “నువ్వు కూనిరాగాలు తీస్తావా? నేనెప్పుడూ వినలేదే.”

“తలుపేసుకుంటాను కదా,” అన్నాడాయన.

అన్నాక, అది నిజమే అనిపించింది. తనకే తెలియకుండా పాడుకునేవాడేమో. గోడకు చెప్పాననుకున్న మాటలన్నీ ఇన్ని గుండెలకు చేరాయేమో. ఇన్నేళ్లూ తాను మాస్టారుగానే బతికాడన్నమాట.

చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చిరుగు సంగతి మరిచిపోయి, రెండు చేతులూ ఎత్తి ఊపాడు.

“టీ వేడి చేసి తెస్తానుండు,” అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

“వద్దక్కా. చల్లగానే బావుంది.”

అంతలో ఫోన్ మోగింది. గుమాస్తా.

“మాస్టారూ, ఏమీ అనుకోకండి. పెద్ద పొరపాటైపోయింది. మీతోపాటు ఇవాళే రిటైరైన ఇంకో చరిత్ర మాస్టారున్నారే, ఆయన లింకు మీకు, మీది ఆయనకి పంపేశాను. ఇప్పుడే ఆయన ఫోన్ చేసి చెప్పారు.”

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. 

“మరి నా సభకి ఎవరెవరొచ్చారు?”

అవతల గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

“ఆయనొక్కరే సార్.”