అద్దం దించు, బెల్టు తీసెయ్

"అద్దం దించమ్మా. బెల్టు తీసెయ్."

పికప్ ట్రక్కు కిటికీ మీద వేలితో కొట్టి మరీ చెప్పాడు ముసలాయన.

ఒడీల్ తెల్లబోయింది. బెల్టు పెట్టుకోమని పోరేవాళ్లే గాని, తీసెయ్యమన్నవాడు ఇంతవరకు ఆమెకు తగల్లేదు.

అసలే ఆమె చేతి నిండా పని. పడవనెక్కించే ఖాళీ ట్రైలర్‌ని వెనక్కి నడిపి కాంక్రీటు ర్యాంపు మీదుగా నీళ్లలోకి దించుతోంది. అవతల కాలవలో ఆమె మొగుడు ఎల్డన్, రొయ్యల పడవతో కాచుకుని ఉన్నాడు.

"ఎవరయ్యా నువ్వు? మా ఆవిడతో నీకేం పని?" పడవలోంచే కేకేశాడు ఎల్డన్.

"నీతోనూ పనుంది బాబూ. ఇంజను రేజు చెయ్యకు. ట్రైలర్ మీది వించి చేత్తో తిప్పి, తాడుతో మెల్లిగా లాక్కో."

ఎల్డన్‌కి ఒళ్లు మండిపోయింది.

లూసియానాలో దక్షిణపు కొసన ఉన్న లా ప్లాట్ అనే మా రేవులో వించి తిప్పేవాణ్ణి చూస్తే పడీ పడీ నవ్వుతారు. ఇంజను గుర్రుమనాలి. బురదనీళ్లు వెనక్కి ఎగజిమ్మాలి. పడవ ఒక్క ఊపులో ట్రైలర్ మీదికి ఎక్కి కూర్చోవాలి. మా వాళ్లకి అదో గొప్ప.

ఎల్డన్ అలాగే ఎక్కించాడు. ముసలాయన మీద నాలుగు చుక్కలు పడేలా చూసుకుని మరీ ఎక్కించాడు.

ముసలాయన మొహం తుడుచుకున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నీళ్లు తగ్గే వేళకి సరిగ్గా హాజరు.

పడవ లేదు. గాలమైనా లేదు. ర్యాంపు పక్కన నిలబడతాడు. వచ్చిన ప్రతి ట్రక్కు దగ్గరికీ వెళ్లి అదే పాట. పిల్లల్ని దింపేదాకా బండిని కదలనివ్వడు.

"మతి చలించిందేమో పాపం," అంది ఎర అమ్మే థెల్మా.

"మతీ లేదు, మన్నూ లేదు. సర్కారు మనిషి. మన మీద ఏదో రాసుకుపోడానికొచ్చాడు," అన్నాడు ఎల్డన్.

"రాసుకునేవాడైతే చేతిలో కాగితం ఉండదూ?"

సర్కారు మనిషి బెల్టు తియ్యమని చెప్పడమేమిటి? ఎంత ఆలోచించినా ఎల్డన్‌కి తలా తోకా దొరకలేదు.

శుక్రవారం కళ్లారా చూశాడు. ముసలాయన బకెట్టుతో రాళ్లు మోసుకొచ్చి ర్యాంపు చివర నీళ్లలో పోస్తున్నాడు.

"ఓరి దుర్మార్గుడా! నీళ్లలో తిరిగే మా ఇంజన్ల ఫ్యాన్లు విరగ్గొట్టడానికా?"

"అక్కడ లోతైపోయింది బాబూ..."

"లోతైతే పడవ ఇంకా హాయిగా తేలుతుంది! నీకెందుకు ఏడుపు? ఎవరు పంపారు నిన్ను?"

ముసలాయన వంగి మళ్లీ బకెట్టు ఎత్తాడు.

అప్పటికే రెండు బకెట్లు పోశాడు. మూడోది పొయ్యనివ్వలేదు ఎల్డన్. పోలీసు డిప్యూటీ నాక్విన్‌కి ఫోన్ కొట్టాడు. నాక్విన్ వచ్చి పేరూ, ఫోన్ నంబరూ రాసుకున్నాడు.

"పెద్దాయనా, ఇంకీ రేవు ఛాయలకి రాకు. నాకు తలనొప్పి తేకు," అన్నాడు.

ముసలాయన బండి ఎక్కుతూ ఒడీల్ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

పీడా పోయిందని ఆ పూట ఎల్డన్ అందరికీ బీరు పోయించాడు.

తర్వాతి శనివారం పొద్దుటినుంచీ ఉత్తరపు గాలి. గాలి తోసిన కొద్దీ కాలవలో నీళ్లు సముద్రంలోకి జారిపోయాయి. మధ్యాహ్నానికి రెండు మూరలు తగ్గాయి.

ఎల్డన్ రొయ్యలతో తిరిగొచ్చాడు. "ఇంకా వెనక్కి! ఇంకొంచెం!" అని అరిచాడు.

నీళ్లు అందక ఒడీల్ ట్రైలర్‌ని ఇంకా వెనక్కి పోనిచ్చింది.

దభీమని చప్పుడు. ట్రైలర్ చక్రాలు కాంక్రీటు అంచు దాటి కిందికి పడిపోయాయి. ఆ బరువుకి పికప్ నాచు మీద సర్రున జారింది. చూస్తుండగానే నీళ్లు తలుపుల పైకి వచ్చేశాయి.

"ఒడీల్!"

ఎల్డన్ నీళ్లలోకి దూకేశాడు. అతను ఈదుకుంటూ వచ్చేసరికి పికప్ కప్పు కూడా కనబడలేదు. పిచ్చివాడిలా మునిగి తేలి, మునిగి తేలి చేతులతో వెతికాడు.

"ఇక్కడున్నా!"

ఒడీల్ రేవు చెక్కల్ని పట్టుకుని దగ్గుతోంది.

"ఎలా... ఎలా బయటపడ్డావే?"

"అద్దం దించే ఉంది. బెల్టు పెట్టుకోలేదు. కిటికీలోంచి వచ్చేశా."

"ఎప్పట్నుంచి ఇది?"

"ఆయన చెప్పిన రోజు నుంచీ. నువ్వు తిడతావని చెప్పలేదు."

ఎల్డన్ ఆమెను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పికప్‌ని లాగినప్పుడు చూస్తే కాంక్రీటు అవతల నిలువెత్తు గొయ్యి. దాని అడుగున రెండు బకెట్ల రాళ్లు. ఆ గొయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎల్డన్‌కి అంతు పట్టలేదు.

సోమవారం నాక్విన్ దగ్గరికి పరిగెత్తాడు.

"బావా, ఆ పెద్దాయన ఎక్కడున్నాడు? కాళ్లు పట్టుకోవాలి. పాపం, ఆయన భార్య ఇలాగే పోయుంటుంది!"

"నేనూ అలాగే అనుకున్నానురా. ఆయనిచ్చిన నంబరుకి చేశా. ఎత్తింది ఆయన భార్యే."

"మరి?"

"ఆయన ఏ రేవులో ఉన్నాడో ఆవిడకే తెలీదట. పదహారేళ్లుగా ఇలా తిరుగుతూనే ఉన్నాడట. ఎప్పుడో ఓసారి ఇంటికి ఫోన్ చేస్తాడట."

"ఏం జరిగిందట బావా?"

"అలబామాలో ఓ సాయంత్రం అచ్చం నీలాగే ఇంజను రేజు చేసి పడవ ఎక్కించుకుని, హాయిగా ఇంటికెళ్లిపోయాడట. ఆ ఇంజను ఫ్యాను అడుగు మట్టి ఎగజిమ్మి తవ్విన గోతిలో మర్నాడు పొద్దున ముక్కూ మొహం తెలియని ఎవరి ఆవిడో బండితో సహా మునిగిపోయిందిరా."