రాతపని లేని కాలేజీ

“మా పిల్ల నర్సు చదువుకు పోయిందా, రాతకూలికి పోయిందా సారూ? ముందు ఆ సంగతి తేల్చండి!”

కుర్చీ చూపించేలోపే అడిగేసింది ఎలీషబా. గిద్దలూరు నర్సింగు కాలేజీ ఆఫీసులో మేనేజరు జగన్నాథం కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ పిల్ల చదివేది తమ దగ్గర కాదనీ, మార్కాపురం కాలేజీలో అనీ అర్థం కావడానికి ఆయనకు రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక మొహం వెలిగింది. వేరే కాలేజీని తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు ఆయనకు దేవుడు పంపిన చుట్టాలు.

“కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగుతారా?”

“నీళ్ళు తరవాత. మాది కంభం. అటు పోతే మార్కాపురం, ఇటు వస్తే మీ గిద్దలూరు. పోయినేడు రెండుచోట్లా సీటొచ్చింది. అక్కడైతే క్రమశిక్షణ అని నలుగురూ చెప్తే అక్కడ చేర్చినాం. గడ్డి తిన్నాం.”

పక్కనే కూర్చున్న కూతురు వందన తల్లి మోచేయి తాకింది. “అమ్మా, నాకక్కడ బాగనే ఉంది. పోదాం పా.”

“నువ్వు నోరు మూసుకో. బాగుందంట, బాగు! సారూ, పొద్దున ఆరింటికి బస్సెక్కితే ఒంటిగంట దాకా ఆస్పత్రి డ్యూటీ. అన్నం తిన్నదో లేదో క్లాసులు. ఇంటికొచ్చినాక రికార్డులు. ఎన్నని రాస్తది? కోడి కూసేదాకా రాస్తనే ఉంటది. మేం మిరపకాయల కోతకు పోతే రైతు మధ్యాన్నం గంటసేపు కూచోనిస్తాడు. చదువుకున్న ఆ మేడాలకు రైతుకున్న పాటి జాలి లేదా? మొన్న వార్డులో కళ్ళు తిరిగి పడిపోయింది. జరంతో పడుకున్నాయన లేచి నా బిడ్డకు మంచమిచ్చినాడు!”

“అన్యాయమమ్మా,” అన్నాడు జగన్నాథం, ఆ మంచం తనే ఇచ్చినంత దయగా. “మరి ఆ కాలేజీలో అడగలేకపోయినారా?”

“అడుగుదామంటే ఈమె పోనిస్తేగా! మార్కులు కోస్తారంట, వద్దంటే వద్దని కాళ్ళకు అడ్డం పడతది. అట్ల భయపెట్టి పెట్టినారు బిడ్డను.”

“మా దగ్గర ఆ బాధే లేదు.” జగన్నాథం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “సెకండియరులో చేర్చుకుంటాం. మా పిల్లలు రికార్డు ముట్టుకునే పనే లేదు. కేస్ స్టడీలు, మందుల పుస్తకం, అన్నీ రాసి పెట్టినవే చేతికిస్తాం. సంతకం మాత్రం వాళ్ళే పెట్టుకోవాల.”

ఆ ఒక్క కష్టమైనా తప్పించలేకపోతున్నందుకు నొచ్చుకున్నట్టు చూశాడు.

ఎలీషబాకు ప్రాణం లేచొచ్చింది. “విన్నావటే? ఇదీ కాలేజీ అంటే! అప్లికేషను ఇయ్యండి సారూ. ఈ పొద్దే రాసిచ్చి పోతా.”

“అమ్మా, రెండున్నర బస్సు పోతది.”

“ఇంకోటి వస్తది. సంతకం ఎక్కడ సారూ?”

జగన్నాథం వేలితో చూపించాడు. ఎలీషబా పెన్ను మూత తీసింది. తీసి, ఆగింది. ఏ పనైనా ఎవరో ఒకరు వంగితే తప్ప జరగదని ఆమె నడుముకు బాగా తెలుసు.

“అవునూ, ఆ రికార్డులన్నీ ఎవరు రాస్తరు? మీ మేడాలా?”

“వాళ్ళకంత తీరికెక్కడిదమ్మా! ఒక పాప ఉంది. వేరే కాలేజీలో చదువుతది. మేం మనిషిని చూసింది లేదు, అంతా ఫోన్లోనే. పుస్తకాల కట్ట బస్సు కండక్టరుకిస్తే దించుకుంటది, రాసి మళ్ళీ బస్సులోనే పంపుతది. ఊరికే కాదులే, ఇచ్చేది ఇస్తాం. ఈ యేడు ఇరవై రెండు పుస్తకాలు రాసింది.”

“ఇరవై రెండా? తనవి కాక?”

“కాక.”

ఎలీషబా పెన్ను బల్ల మీద పెట్టింది. మార్కాపురం మీదున్న కోపమంతా అక్కడే దిగి, గిద్దలూరు బస్సెక్కింది.

“సారూ, నా బిడ్డ ఒకరి రాత రాసేసరికే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ పిల్ల నిద్రపోయేదెప్పుడు? చదువుకునేదెప్పుడు? మీ పిల్లలు సుఖపడాలని ఇంకొకరి బిడ్డను గానుగకు కడతారా?”

“మేం కట్టలేదమ్మా. తనే అడిగి రాస్తది. వాళ్ళమ్మ కూడా రాయమనే చెప్పిందంట.”

“చెప్పిందా? ప్రభువా! కన్నదేనా ఆమె? కళ్ళెదురుగా బిడ్డ అట్ల అరిగిపోతుంటే కనపడదా? నాలుగు రూపాయలొస్తయని పిల్ల కళ్ళు అమ్ముకుంటదా? ఆ తల్లితో నేను మాట్లాడాల. నంబరియ్యండి!”

వందన లేచి నిలబడింది. “అమ్మా, మనకెందుకు? పోదాం పా.”

“కూచోవే! మనకెందుకు మనకెందుకనే ఇట్లాంటి తల్లులు తయారైనారు.”

ఈ ముచ్చట తీరితే సంతకం పడుతుంది కదా అని జగన్నాథం ఫోను తీశాడు. “‘రికార్డు పాప’... ఇదిగో. మీరే అడగండమ్మా. మా బలవంతమేం లేదని మీకే తెలుస్తది.” ఒక్కో అంకే నింపాదిగా చదివాడు.

ఎలీషబా తన ఫోను తీసి కొంగుతో తుడిచింది. ఆ తల్లిని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా కడగాలో మనసులో వరస పెట్టుకుంటూ, ఒక్కో అంకే గట్టిగా నొక్కింది.

ఏడో అంకె పడగానే, మిగతా మూడింటి కోసం ఆగకుండా, ఫోనే పేరు చూపించింది: వందన.