బరువు పెరిగిన బండి

వంటిల్లు బాగుచేయగా మిగిలిన సీలింగు అట్టలను కారులో ఊరి చెత్త యార్డుకు తీసుకెళ్తుంటే మా ఆవిడ కాపలాకి వెంట వచ్చింది. "పారేయడానికి వెళ్లి ఏదో ఒకటి మోసుకొస్తారు. మీ సంగతి నాకు తెలీదా?"

అట్టలు దింపి గేటు దగ్గరికొచ్చాం. వచ్చేపోయే బండ్లని కాటా వేసి తూచే మనిషి బుర్ర గోక్కున్నాడు. "లోపలికి పోయేటప్పటి కంటే పది కిలోలు ఎక్కువుంది సార్."

ఆవిడ నన్ను కొరకొరా చూసింది. నేను దిగి డిక్కీ, వెనక సీటు తెరిచి చూపించాను. ఏమీ లేవు. చివరికి ఆవిడ కాళ్ల మీది దుప్పటి తీస్తే రాతి సింకు.

"గీత కూడా పడలేదండీ. ఎవరో బుద్ధిలేనివాళ్లు పారేశారు."

సింకు అంచున మా వంటింటి పచ్చరంగు చుక్కలున్నాయి. పోయిన వారం పాత సింకు పారేయమన్న ఆవిడ పోరు పడలేక దాన్నక్కడ పడేసిన బుద్ధిలేనివాణ్ణి నేనే.