అన్న చెయ్యి

మూరెడు దూరంలో ఉన్న ఆ గుంటలో బంతి పడితే కప్పు లింగమూర్తిది.

లింగమూర్తి, రాజయ్య గచ్చిబౌలి అన్నదమ్ములు. గోల్ఫ్ ఆడే ఆఫీసర్ల కర్రల సంచులు మోస్తూ ఆట నేర్చుకుని, దాన్నే బతుకుతెరువు చేసుకున్నవాళ్లు. డెబ్బై నాలుగులో జరిగిన ఒక పోటీ ఆఖరి రోజున కప్పు వాళ్లిద్దరి మధ్యే మిగిలింది. రాజయ్య తన ఆట ముగించి పక్కన నిలబడ్డాడు.

లింగమూర్తి కర్ర పట్టుకుని వంగగానే తమ్ముడు మెల్లగా అడిగాడు.

"అన్నా, చెయ్యి గిట్ల వణుకుతుందేంది? పానం మంచిగుందా?"

లింగమూర్తి చేతికేసి చూసుకున్నాడు. ఆడేటప్పుడు దాని సంగతి ఎన్నడూ తలచుకున్నవాడు కాదు. కొట్టాడు. బంతి గుంట పక్కనుంచి పోయింది. మళ్లీ కొట్టాడు. అదీ తప్పింది. కప్పు రాజయ్యకు దక్కింది.

ఆ తర్వాత కర్ర పట్టినప్పుడల్లా లింగమూర్తి చెయ్యి వణికేది. దవాఖానలో చూసి జబ్బేమీ లేదన్నారు. ఏడాది తిరిగేసరికి ఆట మానేశాడు.

ఒక మధ్యాహ్నం రాజయ్య వచ్చి అన్న కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఆ దినం నీ చెయ్యి వణకనే లేదన్నా. గెలవాలని అబద్ధం చెప్పిన."

లింగమూర్తి కోప్పడలేదు. సంబరంగా లేచి, మూలనున్న కర్ర తెచ్చి, వాకిట్లో బంతి పెట్టుకుని వంగాడు. చెయ్యి వణికింది. గట్టిగా పట్టుకున్నాడు. ఇంకా వణికింది.

తలెత్తకుండానే అన్నాడు.

"వణుకుతలేదని ఒక్కసారి చెప్పు తమ్మీ. ఇది నీ మాటే ఇంటది."