తొంపోక్‌కి కంటి చుక్కలు

"కదలకే! ఒక్క చుక్కకి చచ్చిపోవులే!"

నోర్‌లైలా పిల్లిని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో బిగించింది. మలేషియాలోని తైపింగ్‌లో ఇంటి ముందే ఆమె కొబ్బరిపాల అన్నం అమ్ముకునే బల్ల.

ఆ వారమే బల్ల కిందికొచ్చి చేరిందా పిల్లి. ఒంటి నిండా మచ్చలని తొంపోక్ అని పిలుస్తోంది. కుడి కన్ను ఎర్రబడి, నీరు కారుతూ, తెరవలేకపోతోంది.

"ఏం మందమ్మా అది?"

గొడుగు ఊతంగా నిలబడ్డ చీనా ముసలాయన. ఈమధ్యే అన్నం పొట్లానికి వస్తున్నాడు.

"మా ఆయనది అంకుల్. కంటి ఆపరేషనప్పుడు ఇచ్చారు, మిగిలింది."

"పేరు చదువు."

"డెక్సా... డెక్సామెథసోన్."

"వెయ్యకు! అది స్టెరాయిడ్. కంటి మీద గీత పడి ఉంటే పుండు ముదిరి కన్నే పోతుంది."

"మీరు డాక్టరా?"

"కాదు."

"అయితే పొట్లం తీసుకుని దయచెయ్యండి. కంటి మందు కంటికి కాక కాలికేస్తారా?"

వరసలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

ముసలాయన చెయ్యి చాపి సీసా లాక్కుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ముందు పశువుల డాక్టరుకి చూపించు. తర్వాత ఎంత తిట్టినా పడతాను."

తర్వాత దాకా ఆగలేదామె, అప్పుడే తిట్టింది. కానీ ఆ కన్ను చూస్తే భయమేసింది. మధ్యాహ్నం బల్ల కట్టేసి, పిల్లిని బుట్టలో పెట్టుకుని వెళ్ళింది.

డాక్టరమ్మ కంట్లో రంగు చుక్క వేసి నీలం దీపం పట్టింది. కనుగుడ్డు మీద పచ్చగా మెరిసిందొక గీత.

"లోతుగానే గీసుకుంది. ఇంట్లో ఏమైనా వేశారా?"

"వెయ్యబోయాను," అని పేరు చెప్పింది నోర్‌లైలా.

"బతికించారు. అది వేసుంటే ఈ కన్ను దక్కేది కాదు."

మర్నాడు ఆ మాట ముసలాయనకి చెబుదామనుకుంది. ఆయన చెప్పనిస్తేగా!

"చేతులు కడుక్కున్నావా? మిరపకాయలు నూరే చెయ్యి నీది."

"కడుక్కున్నాను."

"సీసా మూతి కంటికి తగల్లేదు కదా?"

"లేదు అంకుల్."

"రెండు మందులిచ్చారా? మొదటిది వేసి కాసేపు ఆగు. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. మెడకి గరాటా కట్టావా? కాలితో రుద్దుకుందంటే మళ్ళీ మొదటికే."

రోజూ ఇదే పాట. ఇంత చెప్పే మనిషి, పిల్లి అక్కడే బుట్టలో ఉన్నా ఒక్కసారి వంగి చూసిన పాపాన పోలేదు. 'ప్రేమ లేని పెద్దరికం' అనుకుంది నోర్‌లైలా.

కొన్నాళ్ళకి కన్ను తెరుచుకుంది. ఎరుపు పోయింది. గరాటా విప్పేసి, చుక్కలు మానేసి, ఆ మాటే ముసలాయనకి చెప్పింది.

"ఎవరు మానమన్నారు?" ముసలాయన గొంతు లేచింది. "ఎరుపు పోతే పుండు మానినట్టా? డాక్టరు మళ్ళీ రంగు వేసి చూడాలి కదా!"

జనం ముందు తల కొట్టేసినట్టయిందామెకి.

"అంకుల్! ఈ పిల్లి నాదా, మీదా?"

ముసలాయన గొడుగు ఊతంగా వెనక్కి తిరిగాడు.

"నీదే," అన్నాడు. "నీదేనమ్మా."

పొట్లం మరిచిపోయి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మనసు ఊరుకోక ఆమె మళ్ళీ చుక్కలు మొదలుపెట్టింది. డాక్టరమ్మ చెప్పిన రోజున తీసుకెళ్ళింది. రంగు వేస్తే ఈసారి ఎక్కడా పచ్చదనం లేదు.

"పూర్తిగా మానింది," అంది డాక్టరమ్మ.

ఈ మాటైనా ఆయన చెవిన వెయ్యాలి. గుడ్డు అదనంగా పెట్టి పొట్లం కట్టింది. వాకబు చేస్తే, గడియారాల కొట్టు వెనక సందు అన్నారు. పిల్లిని చంకనేసుకుని వెళ్ళింది.

తలుపుకి తాళం.

పక్కింటి మేయ్ ఫొంగ్ బట్టలారేస్తోంది.

"టెయిక్ అంకులా? మొన్ననే వాళ్ళ చెల్లెలొచ్చి సముద్రం అవతలికి, సిబుకి తీసుకుపోయింది. కళ్ళు బొత్తిగా పోయాక ఒక్కడే ఎలా ఉంటాడు?"

"కళ్ళు పోయాయా?"

అంతలో తొంపోక్ చంకలోంచి దూకింది. తాళం వేసిన తలుపుని గోళ్ళతో గీకుతూ అరవసాగింది.

మేయ్ ఫొంగ్ చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది.

"అయ్యో, ఇది నీ దగ్గరుందా! పసికూనప్పట్నుంచీ దీని కళ్ళలో చుక్కలు ఆయనే వేసేవాడమ్మా. చూపానక ఒకరోజు సీసా మూతి దీని కంట్లో గుచ్చానని ఏడ్చి ఏడ్చి, కళ్ళున్నవాళ్ళ దగ్గరుంటే బతుకుతుందని తనే ఎత్తుకెళ్ళి వదిలేసొచ్చాడు."