ఇంజను గది తలుపు

మునిగిన ఓడను చూపించే గైడుకు ఈత ఎంత వచ్చో కోతలూ అంతే వచ్చు.

ఓడ మునిగి అరవై ఏళ్లు. ఇప్పుడు దాని ఒళ్లంతా పగడాలు. కెప్టెన్ గదిలో చేపలు పెళ్లివారిలా కిక్కిరిసి ఉంటాయి. పొగగొట్టంలో ఒక పాముచేప కాపురముంది. గైడు చెప్పినప్పుడల్లా అది మూరెడు పెరుగుతుంది.

నీళ్లలో దిగిన ప్రతివాళ్లూ ఇంజను గది తలుపు మీద మూడుసార్లు తట్టి రావాలని అతను ఆచారం పెట్టాడు. లోపల చిక్కుకున్నవాళ్లు చివరిదాకా అలా తట్టారని అతని నాయనమ్మ చెప్పింది. ఆవిడ ఆ ఓడలోంచి బతికి బయటపడిన మనిషి.

పడవలో మిగిలినవాళ్లకూ ఆ చప్పుడు వినపడాలని గైడు నీళ్లలోకి మైకు కూడా దించాడు.

ఆ రోజు ఒక కొత్త ముసలాయన పడవెక్కాడు. చెంప మీద పాత కాలిన మచ్చ. దిగడట. ఓడ ఉన్నచోట కాసేపు కూర్చుంటాడట.

"పెళ్లికొచ్చి భోజనం వద్దన్నట్టుంది తాతా" అన్నాడు గైడు.

అందరూ నవ్వారు. ముసలాయనా నవ్వాడు.

తలుపు ఆచారం చెప్పగానే ఆయన ముఖం మాడిపోయింది. ఆయన గైడు చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, ఇవాళొక్కరోజు ఆ తలుపు జోలికి పోకండి."

"ఏం, లోపల మీవాళ్లెవరైనా పడుకున్నారా?"

ముసలాయన చెయ్యి వదిలేశాడు.

గైడుకు ఇంకా హుషారొచ్చింది. హెడ్‌ఫోన్లు తాత చెవులకే తగిలించమని పడవ నడిపేవాడికి కన్నుగీటి, నీళ్లలోకి దూకాడు. కింద మూడుసార్లతో ఆగలేదు. చెయ్యి నొప్పెట్టేదాకా తట్టాడు.

పడవ నడిపేవాడు తర్వాత చెప్పాడు. ముసలాయన కళ్లు మూసుకుని విన్నాడట. "వస్తున్నా, ఈసారి తీస్తా" అంటూ లేచి, చెప్పులు విడిచి, వాకిట్లోకి అడుగేసినంత మామూలుగా నీళ్లలోకి అడుగేశాడట.

పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు.

ఒడ్డున దుప్పటి కప్పారు. గొడవ విని నాయనమ్మ కర్ర ఊతంతో వచ్చింది.

"ఎవడో పిచ్చి తాత" అన్నాడు గైడు.

ఆవిడ దుప్పటి తొలగించింది. చెంప మీది మచ్చను వేలితో తడిమి చూసింది.

"తన సొంత తమ్ముడు లోపల్నుంచి తడుతుంటే, తలుపు తీస్తే అందరం మునిగిపోతామని తన వీపు ఆనించి నిలబడి, మీ నాన్నను కడుపులో మోస్తున్న నన్ను ముందు దాటించినవాడురా ఇతను."